హాల్లోంచి బయటికొచ్చేది మీరేనా?

ఫస్ట్ షో వదిలే వేళకి ఏదైనా సినిమా హాలు గేటు దగ్గర ఓ అయిదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి. మంచి మాస్ హీరో సినిమా అయితే మరీ మంచిది. లోపలికి వెళ్లేటప్పుడు మామూలుగా నడిచివెళ్లిన కుర్రాళ్లు బయటికి మామూలుగా రారు. ఒకడి భుజం కాస్త పైకి లేచి ఉంటుంది. ఇంకొకడు బండి తాళం తిప్పే తీరులో ఏదో విసురు. మూడోవాడు ఎదురుగా ఉన్న టీ బంకు దగ్గర "అన్నా, ఓ టీ" అనే ముక్కని కూడా హీరోగారి విరుపుతోనే అంటాడు!

వాళ్లలో ఒకణ్ణి ఆపి, "ఏం తమ్ముడూ, హీరోలా నడుస్తున్నావే?" అని అడిగారనుకోండి. "నేనా? ఛ ఛ, నా నడకే అంతండీ" అంటాడు. అబద్ధమాడుతున్నాడనుకోకండి. పాపం, అతనికి నిజంగానే తెలీదు.

ఇంతవరకూ అందరూ గమనించేదే. అసలు తమాషా ఇంకోటుంది. అదే హాల్లో, అదే వరసలో, పక్క సీట్లోనే కూర్చుని అదే సినిమా చూసిన అతని స్నేహితుడు ఆవులించుకుంటూ, చెప్పులీడ్చుకుంటూ, ఎలా వెళ్లాడో అలాగే బయటికొస్తాడు. హీరో వాడి ఒంట్లోకి రాలేదు. మరి వీడి ఒంట్లోకి ఎందుకొచ్చాడు? తెర ఒకటే, బొమ్మ ఒకటే, టిక్కెట్టు ధర కూడా ఒకటే!

మనకి తెలియకుండా మన ప్రవర్తనని మార్చే సంగతుల మీద మనస్తత్వ శాస్త్రజ్ఞులు అరవై డెబ్భై ఏళ్లుగా కొట్టుకుంటున్నారు. మొదట్లో వాళ్లంతా తెర వైపే చూశారు. ఏం చూపిస్తే జనం ఏం చేస్తారు అని. తర్వాత్తర్వాత కొందరు తెర వైపు వీపు తిప్పి ప్రేక్షకుడి వైపు చూడటం మొదలుపెట్టారు. చూసేవాడు తన గురించి తాను ఏమనుకుంటున్నాడు? "నేను ఇలాంటివాణ్ణి" అని ప్రతివాడూ మనసులో ఓ బొమ్మ గీసుకుని ఉంటాడు కదా, ఆ బొమ్మకీ తెర మీది బొమ్మకీ సంబంధమేమిటి? ఈ కథంతా మొదలైంది, నమ్మండి, ఒక సినిమా హాల్లోనే.

పాప్‌కార్న్ తినండి!

1957 సెప్టెంబరు. అమెరికాలో జేమ్స్ వికరీ అనే మార్కెట్ పరిశోధకుడు విలేకరుల్ని పిలిచి ఓ బాంబు పేల్చాడు. న్యూజెర్సీ రాష్ట్రంలో ఫోర్ట్ లీ అనే ఊరి సినిమా హాల్లో ఆరు వారాలపాటు రహస్యంగా ఓ ప్రయోగం చేశానన్నాడు. సినిమా ఆడుతూండగా ప్రతి అయిదు సెకన్లకీ ఒకసారి, సెకనులో మూడువేలవ వంతు సేపు, తెర మీద రెండు వాక్యాలు మెరిపించాడట. ఒకటి, పాప్‌కార్న్ తినమని. రెండోది, కోకాకోలా తాగమని. సెకనులో మూడువేలవ వంతు అంటే ఎంతో తెలుసా? రీలులో ఒక ఫ్రేము సెకనులో ఇరవైనాలుగో వంతు ఉంటుంది. అందులో నూట పాతికో వంతన్నమాట! రీల్లో అతికిస్తే కుదిరే పని కాదు, దానికి వేరే యంత్రం కావాలి. ఆ యంత్రం తన దగ్గరుందన్నాడు వికరీ.

కంటికి ఆనదు. చూశామన్న సంగతే తెలీదు. అయినా ఆ 45,699 మంది ప్రేక్షకుల్లో పాప్‌కార్న్ అమ్మకం యాభైఏడు శాతం పైన, కోకాకోలా అమ్మకం పద్దెనిమిది శాతం పెరిగిందని లెక్క చెప్పాడు. అప్పుడు ఆడుతున్న సినిమా విలియం హోల్డెన్, కిమ్ నొవాక్ నటించిన 'పిక్నిక్' అంటారు. పేరుకి తగ్గట్టు తిండి వ్యవహారమే!

ఇంకేం, దేశం గగ్గోలెత్తిపోయింది. అదే ఏడాది వాన్స్ పకార్డ్ రాసిన 'ది హిడెన్ పర్సుయేడర్స్' అనే పుస్తకం, వ్యాపారులు మన మనసుల్లోకి దొంగదారిన ఎలా దూరుతున్నారో చెప్పి జనాన్ని అప్పటికే హడలగొట్టి ఉంది. పాప్‌కార్న్ తినిపించినవాడు రేపు ఓటు వేయించలేడా? సైన్యాన్ని ఎదురు తిప్పలేడా? పత్రికలు సంపాదకీయాలు రాశాయి. తర్వాత కొన్ని దేశాలు ఈ తరహా ప్రకటనల్ని నిషేధించాయి కూడా.

తీరా చూస్తే... వికరీ ఆ ప్రయోగం వివరాలు ఏ శాస్త్ర పత్రికలోనూ అచ్చు వేయలేదు. నలుగురి ముందూ మళ్లీ చేసి చూపించమంటే ఫలితం రాలేదు. చివరికి 1962లో ఒక ప్రకటనల రంగం పత్రికతో మాట్లాడుతూ, తన దగ్గరున్న సమాచారం ఏ నిర్ణయానికీ రాలేనంత కొద్దిదని తానే ఒప్పుకున్నాడు. యంత్రం మీద వ్యాపారం చేద్దామని తొందరపడ్డాడు మరి. మన భాషలో చెప్పాలంటే, సినిమా తీయకుండానే వందరోజుల పోస్టరు వేశాడు!

కానీ పోస్టరు ఒకసారి గోడెక్కితే దిగుతుందా? ఈ కథని నిజమని చెప్పుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పాఠాల్లో చెప్పేవాళ్లూ ఉన్నారు. ఇది చదువుతున్న మీలో కొందరు కూడా ఎక్కడో విని నమ్మే ఉంటారు.

ఇంకో ముచ్చట. 1958లో కెనడా ప్రభుత్వ టెలివిజన్ వాళ్లు సంగతేమిటో తేల్చుకుందామని 'క్లోజప్' అనే అరగంట కార్యక్రమంలో ఒక రహస్య సందేశాన్ని 352 సార్లు మెరిపించారు. "ఇప్పుడే ఫోన్ చేయండి" అన్నదే ఆ సందేశం. ఏదో ఒకటి మెరిపిస్తామని మాత్రం ముందే చెప్పారు, అదేమిటో చెప్పలేదు. టెలిఫోన్ల వాడకం ఒక్క పిసరు కూడా పెరగలేదు. అయితే ప్రేక్షకుల దగ్గర్నుంచి దాదాపు అయిదువందల ఉత్తరాలొచ్చాయి. అందులో చాలామంది, కార్యక్రమం చూస్తుండగా ఏమిటో ఆకలేసింది, దాహమేసింది అని రాశారు! ఫోన్ మాటకి తిండికీ ఏమిటి సంబంధం? వాళ్లు అప్పటికే పాప్‌కార్న్ కథ చదివున్నారు. "నేనూ లొంగిపోయే మనిషినే" అనుకుని కూర్చున్నారు. కూర్చున్నందుకు ఆకలి కూడా వేసింది. నన్నడిగితే, వికరీ చెప్పని అసలు ప్రయోగం ఇదేనంటాను.

అలాగని కంటికానని బొమ్మలకి అసలు బలమే లేదనడానికీ వీల్లేదు. 2006లో హాలెండులో యోహాన్ కరెమాన్స్, ఆయన తోటివాళ్లు కలిసి ఒక చల్లటి టీ బ్రాండు పేరుని విద్యార్థులకి అలాగే రెప్పపాటు కన్నా తక్కువసేపు చూపించారు. తర్వాత ఏం తాగుతావని అడిగితే ఆ పేరు చెప్పినవాళ్లు కొంచెం పెరిగారు. కానీ ఎవరు? అప్పటికే దాహం వేస్తున్నవాళ్లు. దాహం లేనివాడి మీద ఆ మెరుపు పారలేదు. బొమ్మ మనలో లేని కోరికని పుట్టించలేదు, ఉన్నదాన్ని ఒక వైపుకి తోసిందంతే. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ముసలితనం మాట వింటే...

ఇప్పుడు హాల్లోంచి వరండాలోకి వెళదాం. 1996లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జాన్ బార్గ్ అనే ఆచార్యుడు, ఇద్దరు సహచరులతో కలిసి ఒక ప్రయోగం అచ్చువేశాడు. కాలేజీ కుర్రాళ్లని పిలిచి, చెల్లాచెదురైన మాటలిచ్చి వాక్యాలు కూర్చమన్నాడు. భాషాపరీక్ష కాబోలనుకున్నారు వాళ్లు. సగం మందికిచ్చిన మాటల్లో ముడతలు, నెరిసిన, ఒంటరి, ఫ్లోరిడా లాంటివి అక్కడక్కడా దాచిపెట్టాడు. (ఫ్లోరిడా ఏమిటంటారా? అమెరికాలో రిటైరైన పెద్దవాళ్లంతా వెళ్లి స్థిరపడే చోటది.) పని అయిపోయింది, ఇక వెళ్లొచ్చన్నాడు. అసలు పరీక్ష అప్పుడే మొదలు! వరండాలో పది మీటర్లకి కాస్త తక్కువ దూరం వాళ్లెంతసేపట్లో నడుస్తారో ఒకరు చాటుగా గడియారం పట్టుకుని చూశారు. మామూలు మాటలు చూసినవాళ్లకి 7.3 సెకన్లు పట్టింది. ముసలితనం మాటలు చూసినవాళ్లకి 8.28 సెకన్లు!

మాటలు చూస్తేనే కాళ్లు బరువెక్కాయన్నమాట. ఈ వార్త ప్రపంచమంతా చుట్టొచ్చింది. అర్థశాస్త్రంలో 2002 నోబెల్ బహుమతి అందుకున్న డానియల్ కానెమన్ అంతటివాడు 2011లో రాసిన పుస్తకంలో, ఈ ఫలితాల్ని నమ్మక తప్పదన్న ధోరణిలో రాశాడు.

మరుసటేడే బ్రసెల్స్ నుంచి దెబ్బ పడింది. స్టెఫాన్ డోయెన్, ఆయన జట్టు ఇదే ప్రయోగం 120 మందితో మళ్లీ చేశారు. ఈసారి చేతి గడియారం కాదు, మనిషి అడ్డొస్తే తనంతట తానే సమయం రాసుకునే కంటికి కనపడని కిరణాలు పెట్టారు. తేడా ఏమీ రాలేదు. తర్వాత ఇంకో కిటుకు చేశారు. ప్రయోగం జరిపించే వాళ్లలో కొందరితో "వీళ్లు నెమ్మదిగా నడుస్తారు చూడండి" అని ముందే చెప్పారు. అప్పుడు మాత్రం నెమ్మదించారు! ముసలితనం మాటలు చేయని పని, ఎదుటివాడి ఎదురుచూపు చేసిందన్నమాట.

ఆ తర్వాత ఇలాంటి ప్రయోగాలు మరికొన్ని కూడా కూలాయి. ప్రొఫెసర్ల గురించి అయిదు నిమిషాలు ఆలోచిస్తే క్విజ్‌లో మార్కులు పెరుగుతాయని 1998లో హాలెండులో చెప్పినదాన్ని 2018లో చాలా చోట్ల ఒకేసారి చేసి చూస్తే ఫలితం సున్నా. కానెమన్ 2012లోనే ఈ రంగంలోని వాళ్లకి ఇల్లు చక్కబెట్టుకోమని బహిరంగ లేఖ రాశాడు. కొంతమందితో చేసిన చిన్న చిన్న ప్రయోగాల్ని అతిగా నమ్మానని 2017లో చెప్పుకున్నాడు. గొప్పవాడు!

అంటే గేటు దగ్గర మనం చూసిన నడక భ్రమా? అదీ కాదు. అందరి మీదా ఒకేలా పనిచేస్తుందనుకోవడమే ఇక్కడ వచ్చిన చిక్కు.

నేనెవర్ని?

2007లో క్రిస్టియన్ వీలర్, కెన్నెత్ డిమరీ, రిచర్డ్ పెట్టీ అనే ముగ్గురు ఓ వాదన ముందుకు తెచ్చారు. తెలుగులో చెప్పుకుంటే ఇదీ. మన మనసులో "నేను" అనే గది ఒకటుంది. అందులో సామాను చాలా ఉంటుంది. ధైర్యం, పిరికితనం, కోపం, జాలి, నాన్న పోలిక, వీధి పౌరుషం... ఏ సమయంలోనైనా అందులో కొంత సామానే దీపం వెలుగులో ఉంటుంది. బయటినుంచి వచ్చిన మాటో, బొమ్మో, పాటో ఆ దీపాన్ని కాస్త జరుపుతుంది. ఇంతవరకూ మూల చీకట్లో ఉన్న వస్తువు వెలుగులోకొస్తుంది. "నేను ఇలాంటివాణ్ణి" అన్న ఊహ కొంచెం మారుతుంది. నడక ఆ ఊహ వెనకాల వెళుతుంది. లోపల ఆ సామానే లేకపోతే దీపం ఎంత జరిపినా ఏముంది కనపడ్డానికి? దాహం లేనివాడి ముందు టీ బొమ్మలాగే!

ఇంతకీ ఎవరి దీపం తొందరగా జరుగుతుంది?

మీ జవాబు ఏమిటో నాకు తెలుసు. ఎవరి ముందు వాళ్ల రంగు వేసేవాడు, నలుగురిలో ఉంటే నలుగురిలా మారిపోయేవాడు, అలాంటి ఊసరవెల్లి మనిషి తొందరగా లొంగుతాడంటారు. "నేను ఎక్కడున్నా నేనే, ఎవరికోసమూ మారను" అనేవాడు లొంగడంటారు. అంతేగా? జరిగింది సరిగ్గా తలకిందులు!

1974లో మార్క్ స్నైడర్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పాతిక వాక్యాల పట్టిక ఒకటి తయారుచేశాడు. ఒక్కో వాక్యానికీ ఔను, కాదు అని జవాబివ్వాలి. ఎదుటివాళ్లని బట్టి నీ తీరు మార్చుకుంటావా, నీకు నచ్చని మనిషితో కూడా ఇష్టమున్నట్టు ఉండగలవా, ఇలాంటి ధోరణిలో ఉంటాయి. అందులో ఎక్కువ మార్కులొచ్చినవాడు సందర్భం చూసి తన్ను తాను దిద్దుకునేవాడు. తక్కువొచ్చినవాడు లోపల ఏమనిపిస్తే పైకీ అదే చేసేవాడు. స్నైడర్ ఈ పట్టికని రంగస్థల నటులకి ఇచ్చి చూశాడు. కాలేజీ విద్యార్థులకన్నా వాళ్లకి ఎక్కువ మార్కులొచ్చాయి. మనం అనుకున్నదే కదూ!

2005లో డిమరీ, వీలర్, పెట్టీలు ఈ రెండు రకాల మనుషుల మీదా మాటలు, బొమ్మలు ప్రయోగించి చూశారు. "నేను నేనే" అనే తక్కువ మార్కుల మనుషులే ఎక్కువ కదిలారు. నటుడి తరహా మనిషి అంతగా కదల్లేదు. 2002లో జే హల్ తన సహచరులతో కలిసి అచ్చువేసిన పరిశోధనలో కూడా, ఎప్పుడూ తన లోపలికి తాను తొంగిచూసుకునే అలవాటున్న వాళ్లనే ముసలితనం మాటలు ఎక్కువ నెమ్మదింపజేశాయని తేలింది.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. నటుడి తరహావాడు ఎప్పుడూ బయటికే చూస్తుంటాడు. ఎదుటివాడి మొహం, గదిలో వాతావరణం, ఇక్కడ ఏం చేస్తే బాగుంటుంది అని. తన లోపల ఏ దీపం జరిగిందో పట్టించుకోడు. "నేను నేనే" అనేవాడు మాత్రం ప్రతి పనికీ లోపలికి చూసుకుని, "నాకిలా అనిపిస్తోంది, కాబట్టి ఇది నేనే" అనుకుంటాడు. ఆ అనిపించడాన్ని పది నిమిషాల క్రితం తెర మీద ఎవరో పెట్టి వెళ్లారని అతనికెలా తెలుస్తుంది? గేటు దగ్గర "నా నడకే అంతండీ" అన్న కుర్రాడు గుర్తొచ్చాడా?

ఇవి కూడా కొద్దిమందితో చేసిన ప్రయోగాలేనని మరిచిపోకూడదు. బార్గ్‌ని ప్రశ్నించినవాళ్లు వీటినీ ప్రశ్నించొచ్చు. పైగా 2000లో హాలెండులోనే చేసిన పనిలో, మనిషి దృష్టి తన మీదికి మళ్లితే ఈ ప్రభావాలు తగ్గుతాయని రాశారు. తన్ను తాను చూసుకోవడం ఒకసారి తలుపు తెరుస్తుంది, ఒకసారి మూస్తుంది. ఏది ఎప్పుడన్నది ఇంకా తేలాల్సిన పేచీ. అయినా వికరీ లెక్క కన్నా ఈ వాదన నాకు నచ్చుతుంది. మనిషిని ఖాళీ సీసా అనుకోవడం లేదు కనక.

అన్నట్టు నటుల మాటొచ్చింది కాబట్టి... 2019లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ బ్రౌన్ అనే ఆయన, శిక్షణ పొందిన నటుల్ని మెదడు ఫొటోలు తీసే యంత్రంలో పడుకోబెట్టాడు. వాళ్లని కొన్ని ప్రశ్నలడిగి, ఒకసారి తమలాగా, ఒకసారి రోమియోలా లేదా జూలియట్‌లా మనసులోనే జవాబు చెప్పుకోమన్నాడు. పాత్రలో ఉన్నప్పుడు, "నేను" అన్న ఆలోచనకి సంబంధించిన మెదడు భాగాల్లో చురుకుదనం తగ్గింది. పరకాయ ప్రవేశం అని మన పెద్ద నటులు ఇంటర్వ్యూల్లో చెబుతుంటే నవ్వుకునేవాళ్లం. కొంచెం తగ్గి నవ్వుకోవాలేమో!

హీరో చేతిలో సిగరెట్టు

నడకా, భుజం ఎత్తడం సరదా వ్యవహారాలు. పది గజాలు నడిచేసరికి దిగిపోతాయి. దిగని వ్యవహారం ఒకటుంది.

2003లో 'లాన్సెట్' అనే వైద్య పత్రికలో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. అమెరికాలో అప్పటిదాకా సిగరెట్టు ముట్టని, 10 నుంచి 14 ఏళ్ల వయసు పిల్లలు 2,603 మందిని తీసుకుని, వాళ్లు చూసిన సినిమాల్లో ఎన్ని సిగరెట్టు దృశ్యాలున్నాయో లెక్కగట్టారు. ఒకటి రెండేళ్ల తర్వాత మళ్లీ పలకరించారు. బాగా తక్కువ దృశ్యాలు చూసినవాళ్లకన్నా బాగా ఎక్కువ చూసినవాళ్లలో సిగరెట్టు మొదలుపెట్టే అవకాశం సుమారు 2.7 రెట్లుంది. తల్లిదండ్రులు పొగ తాగని ఇళ్లలో ఈ ప్రభావం ఇంకా బలంగా కనపడింది. ఇంట్లో చూడనిది తెర మీద చూశారు మరి.

ఇది వరండాలో ముప్ఫైమందిని నడిపించిన లెక్క కాదు. వేలమంది పిల్లల లెక్క. ఇలాంటి పరిశీలనలు ఇతర దేశాల్లోనూ వచ్చాయి. మన దేశంలో 2012 అక్టోబరు 2 నుంచి సిగరెట్టు కనపడే సినిమాకి మొదట్లో, ఇంటర్వెల్ తర్వాత హెచ్చరిక చిత్రాలు వేయడం, దృశ్యం నడుస్తున్నంతసేపూ తెర కింద అక్షరాలు ఉంచడం తప్పనిసరి అయింది. ఆ హెచ్చరిక వస్తుంటే హాల్లో డైలాగుల్ని ముందే అప్పజెప్పి నవ్వేవాళ్లని మీరూ చూసే ఉంటారు. వాళ్లలో మీరూ ఉండొచ్చు!

మరి ఆ దృశ్యం ఎలా పనిచేస్తుంది? సిగరెట్టు చూడగానే నోరూరి కాదు. 2007లో కెనడాలో సోన్యా డాల్ సిన్, ఆమె సహచరులు కాలేజీ యువకులకి 'డై హార్డ్' సినిమాలోని ముక్కలు చూపించారు. 1988లో వచ్చిన ఆ సినిమాలో బ్రూస్ విల్లిస్ ఒంటిచేత్తో ఒక మేడనిండా ఉన్న దుండగుల్ని తుక్కుతుక్కు చేస్తాడు. మధ్యమధ్యలో సిగరెట్టు. కొందరికి హీరో పొగ తాగే ముక్కలు చూపించారు, కొందరికి తాగనివి. తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి "నేను" అన్న మాటనీ సిగరెట్టునీ ఎంత తొందరగా జతపరుస్తారో సెకన్లలో కొలిచారు. నోటితో అడిగితే ఎవడూ నిజం చెప్పడు, ఈ కొలతలో దాచడం కష్టం.

ఎవరైతే తెర మీది పొగతాగే హీరోతో ఎక్కువగా మమేకమయ్యారో, ఆ స్థానంలో తనని ఊహించుకున్నారో, వాళ్ల మనసులో "నేను", "సిగరెట్టు" దగ్గరికి జరిగాయి. అలవాటున్నవాళ్లలోనే కాదు, లేనివాళ్లలో కూడా! అలవాటున్నవాళ్లలో ఆ జరగడాన్ని బట్టి మళ్లీ తాగాలన్న ఉద్దేశం కూడా పెరిగింది.

చూశారా, హీరో సిగరెట్టుని అమ్మలేదు. సిగరెట్టు తాగే "నన్ను" అమ్మాడు. పక్క సీట్లో ఆవులించిన స్నేహితుడికి ఏమీ కాలేదెందుకో ఇప్పుడర్థమైందా? వాడు ఆ రెండున్నర గంటలూ హీరో కాలేదు. బహుశా విలన్ కారు ఏ కంపెనీదా అని చూస్తూ కూర్చుని ఉంటాడు!

అయితే హీరోలో కలిసిపోవడమే తప్పా? అది లేకపోతే సినిమా ఎందుకు, అంత డబ్బు పోసి అమావాస్యనాడు గోడ చూడొచ్చు. కలిసిపోవడం తెలిసిన ప్రేక్షకుడే మంచి ప్రేక్షకుడని నా లెక్క. కానీ ఆ కలిసిపోయిన కాసేపట్లో సంచిలో ఎవరేం వేశారో బయటికొచ్చాక ఓసారి చూసుకుంటే పోయేదేం లేదు.

ఎవరు నవ్వితే నవ్వొస్తుంది?

హాల్లో మనల్ని మార్చేది తెర ఒక్కటే కాదు. చుట్టూ ఉన్న జనం కూడా. ఈ సంగతి వ్యాపారులకి ఎప్పుడో తెలుసు. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ నాటకశాలల్లో డబ్బులు తీసుకుని చప్పట్లు కొట్టే ముఠాలుండేవి. సమయానికి నవ్వేవాళ్లు, సమయానికి కళ్లొత్తుకునేవాళ్లు, వేరువేరు మనుషులు! 1950లలో చార్లెస్ డగ్లస్ అనే అమెరికన్ సౌండు ఇంజనీరు టెలివిజన్ కోసం నవ్వుల పెట్టె తయారుచేశాడు. మీట నొక్కితే కిలకిల, ఇంకోటి నొక్కితే పగలబడి నవ్వు. పక్కన నవ్వు వినపడితే మనకీ నవ్వొస్తుందని లెక్క.

ఎవరి నవ్వైనా సరేనా? 2005లో ఆస్ట్రేలియాలో మైఖేల్ ప్లాటో, ఆయన విద్యార్థులు దీన్ని పరీక్షించారు. లా ట్రోబ్ విశ్వవిద్యాలయం విద్యార్థులకి ఒక హాస్యగాడి రికార్డు వినిపించారు. అందులో జనం నవ్వులు కలిపారు. కొందరితో, "ఆ నవ్వేవాళ్లు మీ కాలేజీ వాళ్లే" అన్నారు. మిగిలినవాళ్లతో, "వాళ్లు ఫలానా రాజకీయ పార్టీ వాళ్లు" అన్నారు. ఆ పార్టీ అంటే ఆ విద్యార్థులకి పడదు. నవ్వు అదే, జోకులు అవే! మనవాళ్లే నవ్వుతున్నారనుకున్నవాళ్లు ఎక్కువగా, ఎక్కువసేపు నవ్వారు. జోకులు కూడా బాగున్నాయన్నారు. పరాయివాళ్లు నవ్వుతున్నారనుకున్నవాళ్ల మీద ఆ నవ్వు పనిచేయలేదు.

ఇది చదివాక మన హాళ్లు గుర్తుకు రాకుండా ఉంటాయా! మొదటిరోజు మొదటి ఆట. కాగితాలు ఎగురుతున్నాయి, ఈలలు మోగుతున్నాయి. ఆ హీరో అభిమాని అయితే ఆ ఈల అతని ఒంట్లోంచే వచ్చినట్టుంటుంది, ఏ సీనైనా బ్రహ్మాండమే. అదే హాల్లో, టిక్కెట్టు దొరికింది కదాని వచ్చి కూర్చున్న అవతలి హీరో అభిమాని ఉన్నాడనుకోండి. అదే ఈల అతనికి తలనొప్పి. అతని మొహంలో ఒక్క కండరం కదలదు. ఇంటర్వెల్లో సమోసా తింటూ "ఏముందిరా ఇందులో" అంటాడు. సినిమా బాగాలేదని అబద్ధమాడుతున్నాడా? లేదు, అతనికి నిజంగానే బాగాలేదు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. అందుకే ఆ టీ బంకు దగ్గర వాదన తెల్లారినా తేలదు.

"నేను" అంటే ఒంటరి నేను ఒకటే కాదు. "మేము" కూడా అందులోనే ఉంటుంది. ఆ "మేము" ఎంత పెద్దదైతే అన్ని తలుపులు తెరుచుకుంటాయి. మన కుర్రాళ్లలో కొందరికి ఆ "మేము" సినిమా దాటి చొక్కా గుండీల దాకా, మాట దాకా, ఎవరితో స్నేహం చెయ్యాలన్న దాకా వెళుతుంది. వాళ్లలో ఒక్కరు కూడా "ఎవరో నన్నిలా మార్చారు" అనరు.

ఆ అనకపోవడానికి కూడా ఒక పేరుంది, పుట్టినరోజుంది. 1983లో ఫిలిప్స్ డేవిసన్ అనే అమెరికన్ ఆచార్యుడు ఒక వ్యాసం రాశాడు. పత్రికలూ, ప్రకటనలూ, సినిమాలూ ఎంతగా మారుస్తాయని ఎవర్నడిగినా, "నన్నా? పెద్దగా లేదు. వాళ్లని మాత్రం బాగా మారుస్తాయి" అంటారట. వాళ్లు అంటే పక్కింటివాళ్లు, చిన్నపిల్లలు, చదువులేనివాళ్లు, నేల క్లాసువాళ్లు... ఎవరైనా సరే, తాను కాకపోతే చాలు. తన గురించి తాను గీసుకున్న బొమ్మ అలాంటిది మరి.

ఆ వ్యాసంలో డేవిసన్ చెప్పిన సంగతి ఒకటుంది. రెండో ప్రపంచయుద్ధంలో ఇవో జిమా ద్వీపంలో నల్లజాతి అమెరికన్ సైనికుల దళం ఒకటుండేదట. అధికారులు తెల్లవాళ్లు. ఇది తెల్లవాళ్ల యుద్ధం, మీకెందుకు, లొంగిపొండి అన్న అర్థం వచ్చేలా జపానువాళ్లు ఆ సైనికుల కోసం కరపత్రాలు విమానాల్లోంచి జారవిడిచారు. మర్నాడు దళాన్ని అక్కణ్ణుంచి వెనక్కి తీసుకెళ్లిపోయారు. ఆ కాగితం చదివి సైనికులు మారారన్న దాఖలా ఏమీ లేదు. మారింది అధికారులు. సైనికులు మారిపోతారేమోనన్న భయంతో!

సెన్సారు వాళ్లని కూడా ఆయన వదల్లేదు. జనాన్ని పాడుచేస్తుందని ఒకదాన్ని నిషేధించేవాళ్లు ముందు దాన్ని పూర్తిగా చూడాలి కదా. చూసి తాను పాడైపోయానని ఒప్పుకున్న సెన్సారు అధికారి దొరకడం మాత్రం కష్టమన్నాడు.